బాణీ మీది, పేరు వాళ్లది, ఇప్పుడు జీతానికి రమ్మంటున్నారు

అనంతపురం నుంచి ఒక కీబోర్డు ప్లేయర్ ఉత్తరం రాశారు. పేరు బయటపెట్టొద్దన్నారు. తేదీలతో సహా చాలా వివరంగా రాశారు. సారం ఇది.

వయసు 31. ఇంటర్ తర్వాత చదువు ఆపేసి ఆర్కెస్ట్రాలో చేరారు. ధర్మవరం, తాడిపత్రి, కళ్యాణదుర్గం వైపు పెళ్లిళ్లు, రిసెప్షన్లు; సరిహద్దు దాటితే బళ్లారి, పావగడ. ఒకప్పుడు ముహూర్తాలున్న నెలల్లో నిద్రకు తీరిక ఉండేది కాదట. ఇప్పుడు పెళ్లివాళ్లు డీజే చాలంటున్నారు. లేదంటే ఇద్దరు సింగర్లు, ఒక ల్యాప్‌టాప్, గొంతు లేకుండా వాద్యాలే ఉండే మైనస్ ట్రాకులు. ఎనిమిది మంది వాయించే చోట ముగ్గురితో సరిపెడుతున్నారు. మూఢం వచ్చిందంటే ఇల్లు గడవడమే కష్టం.

మేడమీద గదిలో గోడలకు పాత దుప్పట్లు కట్టి, అక్కడే రికార్డింగ్ చేసుకుంటున్నారు. ధర్మవరంలో మగ్గం నేసే స్నేహితుడు పాటలు రాస్తే ఈయన బాణీలు కడతారు. అలా ఇరవైకి పైగా పాటలయ్యాయి. అందులో ఒకదాన్ని రెండేళ్ల కిందట హైదరాబాద్‌లోని ఒక ఆడియో కంపెనీకి 8 వేలకు ఇచ్చారు. కాగితం ఏమీ రాసుకోలేదు, డబ్బులు ఫోన్‌పేలో వచ్చాయి. ఆ పాట యూట్యూబ్‌లో రెండు కోట్ల వ్యూస్ దాటింది. వీడియో కింద సంగీతం అన్నచోట కంపెనీ పేరు వేసుకున్నారు. పాట రాసిన స్నేహితుడి పేరు ఉండాల్సిన చోట ‘సేకరణ: జానపదం’ అని ఉంది.

ఇప్పుడు అదే కంపెనీ పదకొండు పేజీల ఇంగ్లీషు ఒప్పందం పంపింది. నెలకు 35 వేలు, మూడేళ్లు. నెలకు నాలుగు పాటలు చేసివ్వాలి, ఇంకెవరికీ చేయకూడదు, హైదరాబాద్‌లోనే ఉండాలి. స్నేహితుడి ఊసు అందులో లేదు. "ముందు మన పాట సంగతి తేల్చు, తర్వాత నీ ఇష్టం" అని అతను మాట్లాడటం తగ్గించాడు. ప్రైవేటు స్కూల్లో టీచరుగా ఉన్న భార్య, పాపను వచ్చే ఏడాది బడిలో వేయాలి కాబట్టి జీతానికి పొమ్మంటోంది. మామగారేమో "ఎన్నాళ్లని పెండ్లిండ్లలో ఆ పెట్టె వాయించుకుంటా ఉంటావు నాయనా, సెల్ షాపు పెట్టిస్తా" అంటున్నారు. "సంతకం పెట్టాలా, కేసు వేయాలా, సొంత ఛానెల్ పెట్టుకోవాలా, కొట్టు పెట్టుకోవాలా? ఏదో ఒకటి చెప్పండి" అని ముగించారు.

ఏదో ఒకటి చెప్పడం నాకు సులువే, ఆ తర్వాత మూడేళ్లు పడాల్సింది మీరు. కాబట్టి దారులన్నీ చెబుతాను, ఎంచుకోవడం మీ పని. నాలుగు ప్రశ్నలు ఒకేసారి అడిగారు గానీ వాటి కింద ఉన్న సంగతి ఒకటే. ఇన్నాళ్లూ మీరు బాణీ కట్టడాన్ని కూలి పనిగానే చూశారు. పని అయింది, డబ్బులు ముట్టాయి, లెక్క తీరింది. పెళ్లిలో వాయించడానికి ఆ లెక్క సరిపోతుంది, తెల్లారితే ఆ పని అయిపోతుంది గనుక. బాణీ అలా కాదు. మీరు నిద్రపోతున్నప్పుడు కూడా అది ఎక్కడో మోగుతూనే ఉంటుంది. మీ నాన్నగారి నాలుగెకరాల చేను గుత్తకు ఇచ్చామని రాశారు కదా. చేను అమ్మడం వేరు, గుత్తకు ఇవ్వడం వేరు, కోరుకు ఇచ్చి పంటలో పాలు తీసుకోవడం వేరు. పాటకూ ఈ మూడూ ఉన్నాయి. కంపెనీ పంపిన కాగితం వీటిలో ఏదన్నదే అసలు ప్రశ్న.

ముందు పాత పాట సంగతి. ఒక పాటలో హక్కులు ఒకరివే కావు. సాహిత్యం రాసినవారిది, బాణీ కట్టినవారిది, రికార్డింగు దాన్ని డబ్బు పెట్టి తయారు చేయించినవారిది. పాడినవాళ్లకు, వాయించినవాళ్లకు ప్రదర్శకులుగా మరో హక్కు ఉంది. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం బాణీ మీద హక్కును మరొకరికి రాసివ్వాలంటే అది రాతలో ఉండాలి, ఇచ్చేవారి సంతకం ఉండాలి. ఫోన్‌పేలో 8 వేలు పడినంత మాత్రాన బాణీ చేతులు మారదు. అందుకే రికార్డింగు వాళ్లదన్నా, బాణీ మీద మీ హక్కు, మాటల మీద మీ స్నేహితుడి హక్కు పోలేదని గట్టిగా వాదించుకోవచ్చు. కంపెనీ వాళ్లకు ఇది తెలియదనుకోకండి. పదకొండు పేజీల్లో ఎక్కడో ‘ఇదివరకు చేసిన పాటలకూ వర్తిస్తుంది’ అన్న మాట ఉందేమో వెతికించండి. ఉందంటే, పాత పాటకు లేని కాగితాన్ని కొత్త ఒప్పందం చాటున ఇప్పుడు పుట్టిస్తున్నారన్నమాట.

ఆ ‘సేకరణ’ అన్న మాట చూసి నాకు మీకంటే ఎక్కువ కోపం వచ్చింది. బతికున్న మనిషి కూర్చుని రాసిన పాటను జానపదం కింద జమ కట్టేస్తే దానికి యజమాని లేడని చాటినట్టే. తరతరాల నుంచి వస్తున్న పాటలైతే ఎవరి సొత్తూ కాదు, ఎవరైనా పాడుకోవచ్చు. కానీ నిన్న మగ్గం ముందు పుట్టిన పాట ఆ గాటన కట్టేది కాదు. అయితే ఒక్క సంగతి మీరిద్దరూ నిజాయితీగా మాట్లాడుకోవాలి. పల్లవి మీ ఊరి భజన గుంపుల్లో ముందే ఉండి, చరణాలు మాత్రమే అతను రాసి ఉంటే, హక్కు ఆ చరణాల వరకే. అది దాచి నోటీసు పంపితే మొదటి జవాబులోనే తేలిపోతుంది.

సాక్ష్యం ఉందా అని మీకే సందేహం ఉన్నట్టుంది. ఉంది, మీ ఉత్తరంలోనే ఉంది. బాణీ కుదిరిన రోజు మీరు స్నేహితుడికి వాట్సాప్‌లో పంపిన వాయిస్ మెసేజ్ గురించి రాశారు. వెనక కుక్కర్ కూత, మధ్యలో మీ పాప ఏడుపు, చరణం దగ్గర ఆగి "ఇక్కడ ఇంకో మాట కావాలప్పా" అని మీరు అనడం. స్టూడియోలో చేసిన రికార్డింగు కంటే అదే విలువైనది. ఆ చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి రెండు చోట్ల దాచండి. ఫోను మార్చేటప్పుడు పోగొట్టుకోకండి. కంప్యూటర్లో ఆ పాట ప్రాజెక్టు ఫైలు ఉంటే తెరిచి మళ్లీ సేవ్ చేయకండి, పాత తేదీ అలాగే ఉండనివ్వండి. కాపీరైట్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, హక్కు పాటతోపాటే పుడుతుంది. చేయించుకుంటే మాత్రం రేపు వాదనలో పనికొస్తుంది. బాణీకి 500 రూపాయల ఫీజు, ఆన్‌లైన్లోనే కట్టవచ్చు.

ఇక ఆ పాట మీద ఏం చేయవచ్చు? మెత్తని దారి, పేర్లు సరిచేయమని మర్యాదగా ఒక మెయిలు పెట్టడం. వీడియో కింద రెండు పేర్లు మార్చడం వాళ్లకు రెండు నిమిషాల పని. చేశారంటే బాణీ మీదని వాళ్లే ఒప్పుకున్నట్టు, ఆ మార్పును స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. గట్టి దారి, యూట్యూబ్‌కు ఫిర్యాదు చేసి వీడియో తీయించడం. దీని మీద మీకు మోజు ఉన్నట్టు కనిపిస్తోంది, కాస్త ఆగండి. అటువైపు వాళ్లు ప్రతివాదం పంపితే, మీరు పది పనిరోజుల్లో కోర్టుకు వెళ్లినట్టు చూపాలి, లేదంటే వీడియో తిరిగి వచ్చేస్తుంది. అంటే వకీలును పెట్టుకునే స్తోమత, ఓపిక ఉంటేనే ఆ మీట నొక్కాలి. పైగా మరుక్షణం ఈ జీతం మాట ఉండదు. ఈ రెంటికీ మధ్య వకీలు నోటీసు ఒకటుంది. దానితో చాలాసార్లు బేరం మొదలవుతుంది. ఫేస్‌బుక్‌లో పేరు పెట్టి తిట్టడం మాత్రం వద్దు. వాదన మీ వైపు ఉన్నప్పుడు పరువునష్టం కేసును కోరి నెత్తిన పెట్టుకోవడం దేనికి?

వీటితో సంబంధం లేకుండా మీరిద్దరూ ఎప్పుడో చేయాల్సిన పని ఇంకొకటుంది. 1969 నుంచి ఉన్న ఐపీఆర్‌ఎస్ అనే సంస్థ పాటల రచయితల కోసం, స్వరకర్తల కోసం రాయల్టీలు వసూలు చేసి పంచుతుంది. రేడియోలు, హోటళ్లు, ఈవెంట్లు, ఆన్‌లైన్ సంస్థలు దానికి డబ్బు కడతాయి. సినిమా వాళ్లకే అనుకుంటారు చాలామంది, అది పొరపాటు. సభ్యులుగా చేరి, ఏ పాటలో ఎవరి వాటా ఎంతో నమోదు చేయాలి. నమోదు కాని పాటకు డబ్బు వెతుక్కుంటూ ఇంటికి రాదు. పాడేవాళ్లకు, వాయించేవాళ్లకు ఇస్రా పేరుతో మొదలై ఇప్పుడు ఇసామ్రా అయిన సంస్థ వేరే ఉంది. మీ పాట పాడిన గాయని కూడా అక్కడ అడగవచ్చు.

2012లో చట్టానికి ఒక సవరణ వచ్చింది. హిందీ సినీ గేయరచయిత జావేద్ అఖ్తర్ లాంటివాళ్లు ఏళ్ల తరబడి కొట్లాడితే వచ్చింది. పాట హక్కులు కంపెనీకి రాసిచ్చినా, ఆ పాట వాడకం మీద వచ్చే రాయల్టీలో రచయితకు, స్వరకర్తకు కంపెనీతో సమానంగా రావాల్సిన వాటాను రాసిచ్చేయడం చెల్లదు. చేను వాళ్ల పేరున రాసిచ్చినా కోరు మీకు రావాల్సిందేనన్నమాట. ‘అన్ని రాయల్టీలూ వదులుకుంటున్నాను’ అని మీ చేత రాయించుకున్నా ఆ ముక్క నిలవదు.

మరి అంత రక్షణ ఉంటే సంతకానికి భయం దేనికంటారా? ‘జీతం’ అన్న మాట దగ్గరే భయం. ఉద్యోగిగా ఉంటూ, ఉద్యోగంలో భాగంగా చేసిన పనికి, వేరే ఒప్పందం లేకపోతే మొదటి హక్కుదారు జీతమిచ్చే యజమానే. మీరు రాసిచ్చేదాకా కూడా ఆగదు, బాణీ పుట్టడమే వాళ్ల పేరున పుడుతుంది. నెలకు నాలుగు చొప్పున మూడేళ్లకు 144 పాటలు. ఒక్కొక్కటి తొమ్మిది వేలు కూడా పడదు. మీరు మోసపోయామని బాధపడుతున్న పాత ధర 8 వేలు! అప్పుడు హక్కు పోలేదు, ఇప్పుడు హక్కుతో సహా ఇస్తున్నారు. ఈ లెక్క మీ ఆవిడకు కాగితం మీద వేసి చూపించండి. ఆమె అడుగుతున్నది జీతం అని మీరు రాశారు గానీ, నాకు అర్థమైనంతవరకు ఆమె అడుగుతున్నది నెలనెలా ఇంతని తెలిసి రావడం. అది తప్పు కాదు. దానికి వేరే దారి ఉందేమో చూద్దాం.

ఒప్పందాన్ని ఉన్నదున్నట్టు ఒప్పుకోవడమూ ఒక దారే, దాన్ని కొట్టిపారేయను. మూడేళ్లు హైదరాబాద్ స్టూడియోల్లో తిరిగితే మిక్సింగ్ నేర్చుకుంటారు, మనుషులు తెలుస్తారు. అనంతపురం మేడమీద ఎంత గింజుకున్నా కొన్ని పరిచయాలు దొరకవు. కానీ 35 వేలల్లో ఇంటి అద్దె పోతుంది, మీ ఆవిడ ఉద్యోగం పోతుంది, ఇక్కడి ఆర్కెస్ట్రాల్లో మీ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు. ఒంటరిగా వెళ్లి ఇల్లు ఇక్కడే ఉంచితే రెండు ఇళ్ల ఖర్చు. మూడేళ్ల తర్వాత చేతిలో పేరు ఉంటుందా అంటే, ఇప్పటిదాకా వాళ్లు పేరు వేసిన తీరు చూశాక నేను పూచీ పడలేను.

రెండో దారి, కాగితాన్ని తిరగరాయమనడం. జీతం కాదు, పాటకింత ఫీజు అనండి. నెలకు నాలుగు కాదు, రెండు. ‘ఇంకెవరికీ చేయకూడదు’ బదులు ‘ముందు మీకే వినిపిస్తాను, నెలలోపు వద్దంటే వేరేవాళ్లకు ఇచ్చుకుంటాను’ అని పెట్టండి. హక్కు శాశ్వతంగా కాకుండా గడువు పెట్టి ఇవ్వండి. గడువు రాయకపోతే చట్టం దాన్ని ఐదేళ్లుగా లెక్కేస్తుంది, ఏ ప్రాంతమో రాయకపోతే దేశం వరకే. అందుకే వాళ్ల కాగితాల్లో ‘శాశ్వతంగా’, ‘ప్రపంచమంతటా’ అన్న మాటలు తప్పకుండా ఉంటాయి, అవి కొట్టేయమనడమే అసలు బేరం. తీసుకున్న పాటను ఏడాదిలోపు విడుదల చేయకపోతే హక్కు వెనక్కి రావాలి. ఇదీ చట్టంలో ఉన్నదే గానీ ఒప్పందంలో వేరేగా రాసుకుంటే ఎగిరిపోతుంది. సంగీతం అన్నచోట మీ పేరు, సాహిత్యం అన్నచోట అతని పేరు, ఈ ఒక్కటీ మాత్రం ఏ బేరంలోనూ వదలొద్దు. వాళ్లు సగం ఒప్పుకుంటే మీరు గెలిచినట్టే. అసలేమీ ఒప్పుకోకపోతే, రెండు కోట్ల వ్యూస్ తెచ్చిన మనిషిని వాళ్లు ఎలా చూస్తున్నారో సంతకానికి ముందే తెలిసిపోతుంది, అదీ మేలే.

మూడోది సొంత ఛానెల్. టీ కొట్టు దగ్గర లెక్కలు నమ్మకండి, రెండు కోట్ల వ్యూస్‌కు ఇన్ని లక్షలని ఎవరూ చెప్పలేరు. ప్రకటనల వాటా రావాలంటే ముందు వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4 వేల గంటల వీక్షణ లేదా 90 రోజుల్లో షార్ట్స్‌కు కోటి వ్యూస్ ఉండాలి. ఆ తర్వాత మామూలు వీడియోల ప్రకటనల ఆదాయంలో 55 శాతం, షార్ట్స్‌లో 45 శాతం మీకు. స్పాటిఫైలో ఏడాదికి వెయ్యిసార్లయినా వినని పాటకు రికార్డింగు రాయల్టీ రాదు. ఇది మొదటి రెండేళ్లు ఇల్లు గడిపే డబ్బు కాదు. కానీ ఇరవై పాటలు మీ దగ్గర మూలుగుతున్నాయి, పాటలను ఆన్‌లైన్ సంస్థలకు చేరవేసే డిస్ట్రిబ్యూటర్ ద్వారా పెడితే ఒక్కో రికార్డింగుకు దాన్ని గుర్తుపట్టే ఐఎస్‌ఆర్‌సీ నంబరు పడుతుంది, లెక్క మీ పేరున నడుస్తుంది. పెట్టే ముందు ఒకటి చూసుకోండి. తాళానికి నెట్‌లో దొరికిన లూపులే, అంటే ముందే రికార్డు చేసి పెట్టిన ముక్కలే, వాడి ఉంటే, అదే లూపు వాడిన ఇంకెవరో మీ పాట మీద క్లెయిమ్ వేయవచ్చు, మీరు వాళ్ల మీద వేయలేరు. మీ ఊళ్లో చెక్కలు, డప్పు వాయించేవాళ్లకు కొదవ లేదు. వాళ్లకు డబ్బిచ్చి వాయించి రికార్డు చేయండి. ఇచ్చినట్టు కాగితం రాయించుకోండి, ఇప్పుడు మీరు కంపెనీ స్థానంలో ఉన్నారు మరి.

మీ ఇరవైలో అన్నమయ్య కీర్తనలు నాలుగున్నాయన్నారు. మాటలు 15వ శతాబ్దివి, ఎవరి అనుమతీ అక్కర్లేదు. బాణీ సొంతంగా కట్టినవి మీవే. కానీ ఒకటి ‘అందరూ పాడే బాణీలోనే’ చేశామన్నారు, అక్కడ జాగ్రత్త. మీ జిల్లావారే అయిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు కట్టిన బాణీలనే తీసుకోండి. ఆయన 1979లో కన్నుమూశారు. స్వరకర్త తదనంతరం 60 ఏళ్లు హక్కు ఉంటుంది కాబట్టి ఆ లెక్క 2039 చివరిదాకా నడుస్తుంది. ఆ ఒక్క పాటా పక్కన పెట్టండి, లేదా కొత్తగా కట్టండి.

ఇల్లు గడిచే మాటకు వస్తే, నెలనెలా వచ్చేదానికి నా సలహా పాఠాలు. అనంతపురం, ధర్మవరం లాంటి ఊళ్లలో పిల్లలకు కీబోర్డు నేర్పించాలని అడిగే తల్లిదండ్రులున్నారు. వాళ్లు సర్టిఫికెట్ అడుగుతారు. ట్రినిటీ కాలేజ్ లండన్ వాళ్ల ఎలక్ట్రానిక్ కీబోర్డు పరీక్షలు మొదటి మెట్టు నుంచి గ్రేడ్ 8 దాకా ఉన్నాయి. పదేళ్లుగా ఏ పాటైనా ఏ శ్రుతికైనా వాయించే మీకు చేతివేళ్ల పని కష్టం కాదు, ఐదు గీతల మీద స్వరాలు రాసే స్టాఫ్ నొటేషన్ చదవడమే కొత్త. ఒక ఏడాది కూర్చుంటే మధ్య గ్రేడు అందుకోవచ్చు, అప్పుడు పాఠం ఫీజు మాటే మారిపోతుంది. ఇంకో సంగతి, మీరు హైదరాబాద్ వైపే చూస్తున్నారు గానీ మీకు బెంగళూరే దగ్గర. బళ్లారి వైపు వాయించి కన్నడ పాటలు వేళ్ల మీదున్నాయి, రెండు భాషల ప్రోగ్రాములకు పనికొచ్చే వాద్యకారుడికి ఆ ఊళ్లో కరువుండదు. రెండు రోజులు వాయించి ఇంటికి రావచ్చు.

మామగారి సెల్ షాపు గురించి పెద్దగా చెప్పను. ఆయనది ప్రేమే. కానీ పెట్టుబడి ఆయనదై మీరు కూర్చున్న షాపులో ముహూర్తం రోజు షట్టర్ దించి ప్రోగ్రాముకు వెళ్లగలరా అన్నది ముందే అడిగి తేల్చుకోండి.

అన్నిటికంటే ముందు చేయాల్సింది ధర్మవరం వెళ్లడం. సొంత ఛానెలైనా, నోటీసైనా, ఫీజు ఒప్పందమైనా స్నేహితుడి సంతకం లేకుండా అడుగు పడదు, మాటలు అతనివి కాబట్టి. అతను అలిగింది మీరు ఒక్కరే వెళ్లిపోతారని, డబ్బు కోసం కాదని నా అనుమానం. తెల్లకాగితం మీద ఇరవై పాటల పేర్లు రాసి, ప్రతిదాని ఎదురుగా మాటలు ఎవరివి, బాణీ ఎవరిది, వచ్చినదాంట్లో ఎవరికెంత అని రాసి ఇద్దరూ సంతకాలు పెట్టుకోండి. పాత 8 వేలల్లో అతనికి ఎంత ఇచ్చారో ఉత్తరంలో రాయలేదు. ఇవ్వకపోయి ఉంటే ఆ మాట కూడా ఆ పూటే తేల్చేయండి.

కంపెనీకి ఈ వారమే జవాబు కావాలన్నారట. ఆ గడువు వాళ్లు పెట్టుకున్నది. "వకీలుకు చూపించి మూడు వారాల్లో చెబుతాను" అని ఒక లైను మెయిలు పెట్టండి, ఫోన్లో వద్దు. వకీలు ఫీజు భారమైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగండి. ఎస్సీ, ఎస్టీలు, ఆడవాళ్లు లాంటి కొన్ని వర్గాలకు ఆదాయంతో పని లేకుండానే ఉచితంగా సహాయం చేస్తారు, మిగతావాళ్లకు ఆదాయ పరిమితి ఉంటుంది. ఒప్పందం వకీలు చేతిలో పెట్టినప్పుడు చివరి పేజీ ముందు చదవమనండి. హక్కు ఉల్లంఘన జరిగితే హక్కుదారు తాను ఉండే ఊరి జిల్లా కోర్టులోనే దావా వేసుకోవడానికి కాపీరైట్ చట్టం వీలిస్తుంది. అంటే అనంతపురంలోనే. వివాదాలన్నీ హైదరాబాద్ కోర్టుల్లోనే, లేదా వాళ్లు పెట్టిన మధ్యవర్తి దగ్గరే అని ఆ పేజీలో రాసి ఉంటే, జీతం మాట ఎత్తకముందే ఆ వాక్యం మార్పించమని అడగండి.